రైలు మొయ్యలేని రాకెట్ కోసం కట్టిన భవనం

కజకిస్తాన్‌లోని బైకనూర్ ప్రయోగ కేంద్రంలో 112వ సైట్ భవనం అంత పెద్దది కావడానికి కారణం రైలు పట్టాలు. సోవియట్ రాకెట్లు ఫ్యాక్టరీ నుంచి రైల్లోనే బైకనూర్ చేరేవి. 1960ల్లో మనిషిని చంద్రుడి మీద దింపడానికి తలపెట్టిన ఎన్1 రాకెట్ అడుగు వెడల్పేమో దాదాపు 17 మీటర్లు. అది ఏ సొరంగంలో పడుతుంది? అందుకని ట్యాంకులను ముక్కలుగా తెచ్చి ఇక్కడే వెల్డింగ్ చేశారు. పేరుకు అసెంబ్లీ బిల్డింగే గానీ, నిజానికి అదొక ఫ్యాక్టరీ.

అమెరికా తన చంద్ర రాకెట్‌ను నిలబెట్టి కూర్చింది. దానికి 160 మీటర్ల ఎత్తు భవనం కావలసి వచ్చింది. సోవియట్ ఇంజినీర్లు 105 మీటర్ల ఎన్1ను పడుకోబెట్టి కూర్చి, జంట రైలు మార్గాల మీద ప్రయోగ వేదిక దాకా లాక్కెళ్లి, అక్కడ లేపి నిలబెట్టేవారు. పడుకున్న రాకెట్‌కు బరువు అడ్డంగా పడుతుంది, నిలబడ్డాక నిలువుగా పడుతుంది. రెండింటినీ తట్టుకునేలా ఒళ్లు గట్టిగా ఉండాలి.

1969 నుంచి 1972 దాకా ఎన్1 నాలుగుసార్లు ఎగిరింది, నాలుగుసార్లూ మొదటి దశలోనే విఫలమైంది. తర్వాత ఆ భవనం ఎనర్జియా రాకెట్‌కు దక్కింది. బురాన్ వ్యోమనౌకను ఎనర్జియా వీపున బిగించింది కూడా ఇక్కడే. 1988 నవంబర్ 15న బురాన్ మనిషి లేకుండా భూమిని రెండుసార్లు చుట్టి, తనంతట తానే రన్‌వే మీద దిగింది. నా దృష్టిలో సోవియట్ ఇంజినీరింగ్‌లో అంత అందమైన దిగడం మరొకటి లేదు. ఆ ప్రాజెక్టు 1993లో ఆగిపోయింది.

ఇక పైకప్పు సంగతి. ఇలాంటి హాలు మధ్యలో స్తంభాలు వేస్తే రాకెట్ కదలదు. కాబట్టి గోడ నుంచి గోడకు సాగిన ఉక్కు దూలాలే మొత్తం బరువు మోయాలి. మంచు పేరుకున్నా, నీరు నిలిచినా, మరమ్మతు సామాను పెట్టినా ఆ భారమంతా వాటిదే. 2002 మే 12న కప్పు మీద మరమ్మతు చేస్తుండగా అది కూలింది. ఎనిమిది మంది పనివాళ్లు చనిపోయారు. కింద ఎనర్జియా నమూనా మీద నిలిపి ఉంచిన బురాన్, అంతరిక్షం చూసి వచ్చిన ఆ ఒక్కటీ, నుజ్జయింది.

అదే భవనంలో తక్కువ ఎత్తున్న హాళ్లలో మాత్రం సోయుజ్ రాకెట్ల కూర్పు సాగింది, పడుకోబెట్టే.