క్యాన్సర్ వార్డులో సైకియాట్రిస్టు పని: అపోహలు - వాస్తవాలు

అపోహ: క్యాన్సరన్నాక దిగులుండదా? దానికి మందెందుకు?

వాస్తవం: దిగులు సహజమే, డిప్రెషన్ వేరు. చిక్కల్లా ఏమిటంటే నీరసం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం కీమో వల్లా వస్తాయి. అందుకని వాటిమీదే ఆధారపడం. మనవరాలొచ్చినా మొహం విప్పారడం లేదా? ఇష్టమైన సీరియల్ పెట్టినా గోడవైపు తిరిగి పడుకుంటున్నారా? "నావల్లే ఇంటికి అప్పులు, నేను పోతేనే నయం" అంటున్నారా? ఇలా రోజులో ఎక్కువసేపు, రెండు వారాలుగా ఉంటే చికిత్స కావాలి. ఆ చివరి మాట నోట వస్తే మాత్రం రెండు వారాలు ఆగకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. రాత్రివేళైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యొచ్చు.

అపోహ: కంగారు, మౌనం అన్నీ మనసుకు సంబంధించినవే.

వాస్తవం: ముందు మందుల చీటీ చూస్తాం. వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ పడక కొందరు కూర్చున్నచోట కూర్చోలేరు, కాళ్ళాడిస్తూనే ఉంటారు. చూసేవాళ్ళకది ఆందోళన, నిజానికి ఆ మందు మారిస్తే సర్దుకుంటుంది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సాయంత్రం వేస్తే రాత్రంతా జాగారమే, పొద్దున్నకు మార్చమని క్యాన్సర్ డాక్టరును (ఆంకాలజిస్టు) అడుగుతాం.

అన్నిటికన్నా ప్రమాదం, నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ మగతగా, ముభావంగా ఉండటం. వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమంటాం. మధ్యలో దారి తప్పితే అది డిప్రెషన్ కాక డెలీరియం, అంటే ఒంట్లో తేడా వల్ల మెదడు ఉన్నట్టుండి గందరగోళపడటం, కావచ్చు. అప్పుడు సోడియం, కాల్షియం, ఇన్ఫెక్షన్, నొప్పికిచ్చే మార్ఫిన్ మోతాదు, మూత్రం బిగిసిందా, విరేచనం అయిందా, అన్నీ ఆ రోజే చూడాలి.

అపోహ: సైకియాట్రీ మందులు కీమోకు పడవు, పైగా అలవాటైపోతాయి.

వాస్తవం: చూసి ఎంచుకోవాలి, అంతే. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడేవాళ్ళకు పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు రాయం. కాలేయంలో టామాక్సిఫెన్‌ను పనిచేసే రూపానికి మార్చే ఎంజైమును అవి అడ్డుకుంటాయి. వెన్లాఫాక్సిన్ అనే ఇంకో డిప్రెషన్ మందుతో ఆ బెడద తక్కువ, ఒంట్లోంచి వచ్చే వేడి ఆవిర్లూ తగ్గుతాయి. నిద్రా ఆకలీ రెండూ పోయినవాళ్ళకు తరచుగా రాత్రిపూట మిర్టాజపిన్ అనే డిప్రెషన్ మందు 7.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతాం. దిగులు తగ్గడానికి 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. "వారం వేశాం, గుణం లేదు" అని మానేస్తే మళ్ళీ మొదటికే. అలవాటయ్యేది కంగారుకూ నిద్రకూ వాడే ఆల్ప్రజోలాం లాంటి మందు. అదేమో చీటీ లేకుండా షాపులో కొనేసి, మా దగ్గరికి రావడానికి భయపడతారు!

అపోహ: ధైర్యంగా ఉంటే గడ్డ కరుగుతుంది.

వాస్తవం: కరగదు. ఏడ్చినందువల్ల పెరగదు కూడా.

అపోహ: జబ్బు పేరు పేషెంటుకు చెప్పకపోవడమే మేలు.

వాస్తవం: ఆస్పత్రి బోర్డు మీదే క్యాన్సర్ అని రాసి ఉంటుంది. చాలామందికి తెలిసిపోతుంది, ఇంట్లోవాళ్ళు బాధపడతారని తెలియనట్టే ఉంటారు. "మీ జబ్బు గురించి మీకేం తెలుసండీ? ఇంకా వివరంగా చెప్పమంటారా, మీవాళ్ళతో మాట్లాడమంటారా?" అని వాళ్ళనే అడుగుతాం. వద్దంటే ఆ రోజుకి ఆపేస్తాం. మళ్ళీసారి కీమోకు వచ్చినప్పుడు ఇదే మాట ఇంకోసారి అడుగుతాం.