పన్నెండు మంది దర్శకులు, ఒక్క సినిమా: అపోహలు – వాస్తవాలు

ఎడిటింగ్ నా వృత్తి. ఆంథాలజీల, అంటే పలువురు దర్శకులు కలిసి తీసే సినిమాల, మాట వచ్చినప్పుడల్లా 'ద కలర్ ఆఫ్ టైమ్' గురించి ఎవరో ఒకరు అడుగుతారు. స్టూడెంట్లు తీసిన సినిమా, అందులో హాలీవుడ్ నటి మీలా కూనిస్. ఆ రెండూ వినగానే జనం అల్లుకునే కథలు కొన్ని ఉన్నాయి.

అపోహ: కాలేజీ ప్రాజెక్టు, అంతే.

ప్రాజెక్టే, కాదనను. న్యూయార్క్ యూనివర్సిటీలో నటుడు జేమ్స్ ఫ్రాంకో చెప్పిన క్లాసులోంచి పుట్టింది. పీజీలో సినిమా చదువుతున్న పన్నెండు మంది, కవి సి.కె. విలియమ్స్ 1983లో తెచ్చిన 'టార్' సంపుటిలోని కవితల ఆధారంగా ఆయన జీవితాన్ని తలా కాస్త రాసుకుని డైరెక్ట్ చేశారు. అయితే తెర మీద ఫ్రాంకోతో పాటు జెస్సికా చాస్టెయిన్, జాక్ బ్రాఫ్, కూనిస్ ఉన్నారు. ఏ కాలేజీ ప్రాజెక్టుకి దొరుకుతుంది ఆ కాల్షీటు?

అపోహ: కూనిస్ యూరప్ అమ్మాయి, అక్కడి నాటకాల్లో రాటుదేలి వచ్చింది.

పుట్టింది మాత్రమే అక్కడ, 1983లో, అప్పటి సోవియట్ యుక్రెయిన్‌లోని చెర్నివ్‌ట్సీలో. ఏడేళ్ల వయసులో కుటుంబంతో లాస్ ఏంజిలిస్ చేరింది. 'దట్ సెవెంటీస్ షో' ఆడిషన్‌కి వెళ్లేసరికి పద్నాలుగేళ్లు. పద్దెనిమిది నిండినవాళ్లే కావాలన్నారు. నాకూ నిండుతాయి అందట, ఎప్పుడో చెప్పకుండా! 1998 నుంచి 2006 దాకా ఆ సిట్‌కామే ఆమెకు బడి. 1999 నుంచి 'ఫ్యామిలీ గై' యానిమేషన్ సిరీస్‌లో మెగ్ గొంతు కూడా ఆమెదే. సిట్‌కామ్‌లో ఎదురుగా ప్రేక్షకులు నవ్వుతుంటే ఆ నవ్వు సద్దుమణిగేదాకా ముఖంలో భావం చెదరకుండా నిలబెట్టి, తర్వాత డైలాగ్ అందుకోవాలి. అలాంటి రియాక్షన్ దొరికితే కట్ ఎక్కడ పెట్టాలా అని ఎడిటర్ తల పట్టుకోనక్కర్లేదు.

అపోహ: అవకాశాలు తగ్గాకే ఇలాంటివి ఒప్పుకుంటారు.

2010లో 'బ్లాక్ స్వాన్'. దానికి వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో మార్చెల్లో మాస్ట్రోయాన్నీ అవార్డు, ఆపైన గోల్డెన్ గ్లోబ్ నామినేషన్. 2012లో 'టెడ్' పెద్ద హిట్. ఈ రెంటి నడుమ, 2011లో, ఆమె, ఫ్రాంకో మిషిగన్‌లో డిస్నీ వాళ్ల 'ఓజ్' షూటింగ్‌లో ఉన్నారు. స్టూడెంట్లు తమ సినిమాని తీసింది ఆ డెట్రాయిట్ వైపే. నటీనటులు ఉన్న చోటికే యూనిట్ వెళ్లడం, ఖాళీ రోజులు చూసుకుని సీన్లు లాగించడం చిన్న సినిమాలకి కొత్తేమీ కాదు.

అపోహ: పన్నెండు మంది తీశారంటే పన్నెండు షార్ట్ ఫిల్ములు వరసగా వస్తాయి.

అసలు చిక్కంతా ఇక్కడే. మన 'పిట్టకథలు'లో నలుగురు దర్శకులు, నాలుగు కథలు, దేని టైటిల్ దానిదే. ఇందులో అలా విడగొట్టలేదు. పుస్తకం నుంచి చదవడానికి న్యూయార్క్ బయల్దేరిన కవికి బాల్యం, కుర్రతనం, కాపురం ముక్కలుముక్కలుగా గుర్తొస్తుంటాయి. ఒక దర్శకుడి షాట్ పక్కన ఇంకొకరి షాట్ పడాలి. కవి భార్య కేథరిన్‌గా కూనిస్ ఒకరి షాట్‌లో ఎడమకి చూసి, పక్కవారి షాట్‌లో కుడికి చూస్తే, ఎవరితో మాట్లాడుతోందో తెలియదు. జుట్టు పాపిట మారినా అంతే. అందుకే ఇలాంటి సినిమాల్లో కెమెరా టీమ్, లైటింగ్, కాస్ట్యూమ్స్ ముందే ఒక తీరుకి తెచ్చుకుంటారు. అయినా అతుకు కనిపిస్తే వాయిస్ ఓవర్ ఉంది. బొమ్మ మారకముందే తర్వాతి సీన్ మాట వినిపిస్తే, చెవి ముందు వెళ్లిపోతుంది, కన్ను దాని వెంట నడుస్తుంది. ఇక్కడ ఆ పని ఫ్రాంకో గొంతులో కవితలు చేశాయి.

నన్నడిగితే కాస్త ఎక్కువే చేశాయి. అతుకులు దాచే తొందరలో ఎవరి ముద్రా మిగల్లేదు. సాయంత్రపు ఎండ, ఊగే కెమెరా, గుసగుసలు... దర్శకుడు టెరెన్స్ మాలిక్‌కి నకలని విమర్శకులు ఏకిపారేశారంటే ఊరికే కాదు. దానికి తోడు చాస్టెయిన్ మాలిక్ 'ట్రీ ఆఫ్ లైఫ్'లో తల్లి, ఇందులోనూ తల్లే.

అపోహ: ఫెస్టివల్‌లో వేశారంటే థియేటర్‌కి వచ్చేసినట్టే.

2012 నవంబర్‌లో రోమ్‌లో 'టార్' పేరుతో వేశారు. అమెరికాలో విడుదల 2014 డిసెంబర్‌లో, అదీ పేరు మార్చుకుని.

అపోహ: సినిమా పోతే స్టూడెంట్ల పని కూడా పోయినట్టే.

ఆ పన్నెండు మందిలో ఒకరైన సారా వయొలెట్ బ్లిస్ సహ దర్శకత్వం వహించిన 'ఫోర్ట్ టిల్డెన్'కి 2014లోనే సౌత్ బై సౌత్‌వెస్ట్ ఫెస్టివల్‌లో గ్రాండ్ జ్యూరీ బహుమతి వచ్చింది. 2016లో మొదలైన 'సర్చ్ పార్టీ' సిరీస్ సృష్టికర్తల్లో ఆమె ఒకరు. పమేలా రోమనౌస్కీ 2015లో 'ద ఆడరాల్ డైరీస్' తీసింది, హీరో మళ్లీ ఫ్రాంకోనే.