పిల్లల ఎముకల బలం: మన ఇళ్లలో వినిపించే అపోహలు - వాస్తవాలు

విశాఖలో పిల్లల క్లినిక్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఎముకల మాట రాగానే తల్లిదండ్రులు మొదట అడిగేది "ఏ కాల్షియం సిరప్ మంచిది మేడమ్?" అనే. ఎండ గురించి, ఆట గురించి దాదాపు ఎవరూ అడగరు. కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

అపోహ: పొద్దున్నే లేత ఎండలో తిప్పితే విటమిన్ డి వచ్చేస్తుంది.

ఆరు గంటలకే ఆర్కే బీచ్‌లో పిల్లల్ని నడిపించేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. మంచి అలవాటే, మానకండి. కానీ కాల్షియం ఒంటికి పట్టేందుకు తోడ్పడే విటమిన్ డి తయారవ్వాలంటే చర్మానికి ఎండలోని యూవీబీ కిరణాలు (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) తగలాలి. సూర్యుడు అంత కిందుగా ఉన్నప్పుడు అవి మనదాకా దాదాపు రావు. దీనికో సులువైన గుర్తుంది: పిల్లాడి నీడ పిల్లాడి కంటే పొట్టిగా ఉండాలి. మన ఊళ్లో వేసవిలో తొమ్మిదికే నీడ పొట్టిదవుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం మాడ్చక్కర్లేదు. డిసెంబర్‌లో మాత్రం పదిన్నర దాటాలి. చేతులు, కాళ్లు ఎండకు తగిలేలా 20 నుంచి 30 నిమిషాలు, వారంలో వీలైనన్ని రోజులు ఆడనివ్వండి. సముద్రం కనిపించే ఫ్లాట్ కదా, ఎండ ఇంట్లోకే వస్తుంది అంటారు కొందరు. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది, లోపలికి వచ్చేది వెలుతురూ వేడీనే.

చంటిపిల్లల సంగతి వేరు. తల్లిపాలలో విటమిన్ డి చాలా తక్కువ. అందుకే పుట్టినప్పటి నుంచి ఏడాది నిండేదాకా రోజుకు 400 ఐయూ (విటమిన్ డిని కొలిచే ప్రమాణం) చుక్కలు వేయమని పిల్లల డాక్టర్లు రాస్తారు. మసాజ్ చేసి ఎండలో పడుకోబెడుతున్నాం కదా అని వాటిని ఆపేయకండి.

అపోహ: పాలు తాగకపోతే ఎముకలు గుల్లబారతాయి.

పాలు మంచివే, పైగా సులువు. ఒక గ్లాసులో (200 మి.లీ.) దాదాపు 240 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. కానీ పాలు చూస్తేనే వాంతి చేసుకునే పిల్లాడి ముక్కు మూసి పట్టించాల్సిన అవసరం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 7 నుంచి 9 ఏళ్ల పిల్లలకు రోజుకు 650 మి.గ్రా. కాల్షియం కావాలి, 10 నుంచి 12 ఏళ్లవాళ్లకు 850. పెద్ద కప్పు పెరుగుతో 180 దాకా వస్తుంది. మన చోళ్ల (రాగి) పిండి 30 గ్రాములతో జావ కాస్తే మరో 100. చిన్న నువ్వులుండ, పప్పులో గుప్పెడు మునగాకు ఉంటే ఇంకొంత. మునగాకు రైతుబజార్‌లో కట్ట కట్టి అమ్ముతారు, చాలా వీధుల్లో చెట్టుకే ఊరికే దొరుకుతుంది. చోళ్లు నానబెట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి పట్టిస్తే కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. అమ్మమ్మలకు ఈ పద్ధతి తెలుసు, ఎందుకో మధ్యలో మనమే వదిలేశాం. 2023 నుంచి ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు రాగిజావ కూడా ఇస్తున్నారు. ప్రైవేటు స్కూలు క్యారేజీలో మాత్రం బిస్కెట్లే కనిపిస్తాయి.

ఇంకో వైపు, అన్నం తినడం లేదని రెండేళ్ల పిల్లకు రోజుకు లీటరు పాలు పట్టేవాళ్లూ ఉన్నారు. అరలీటరు దాటితే ఆకలి చచ్చిపోతుంది, ఐరన్ తగ్గి రక్తహీనత వస్తుంది.

అపోహ: పాయా సూప్ తాగితే ఎముకలు గట్టిపడతాయి.

రుచికి తాగండి. ఎముకను ఎంత మరిగించినా అందులోని కాల్షియం నీళ్లలోకి దిగేది చాలా కొద్దిగానే. దానికంటే నెత్తళ్లు నయం, ముళ్లతో సహా నమిలేస్తాం కాబట్టి ఆ కాల్షియమంతా లోపలికే వెళ్తుంది. ఎండు నెత్తళ్లయితే వేడినీళ్లలో నానబెట్టి రెండు మూడుసార్లు కడగండి, లేకపోతే ఉప్పు కషాయమే. కవ్వల్లో (సార్డైన్ చేపల్లో) విటమిన్ డి కూడా ఉంటుంది. ఫిషింగ్ హార్బర్ పక్కనే ఉండి సాల్మన్ క్యాప్సూళ్ల కోసం వెతకడం నాకు అర్థం కాదు.

అపోహ: పాలకూరలో బోలెడంత కాల్షియం.

ఉంది, కానీ ఆ ఆకులోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టుకుని వదలవు. ఒంటికి పట్టేది బహు స్వల్పం.

అపోహ: పాలలో హెల్త్ డ్రింక్ పౌడర్ కలిపితేనే బలం.

మన ఆహార భద్రతా చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే వర్గమే లేదు. 2024 ఏప్రిల్‌లో అలాంటి పానీయాలను ఆ పేరు కింద చూపించవద్దని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది కూడా. డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదవండి చాలు.

అపోహ: రాత్రి కాళ్లు నొప్పులంటే కాల్షియం తక్కువైనట్టే.

"పగలంతా గెంతుతాడు, రాత్రయితే కాళ్లు పట్టమంటాడు మేడమ్." రెండు కాళ్లలోనూ, సాయంత్రమో రాత్రో వచ్చి, తెల్లారేసరికి పోయే నొప్పులు చాలావరకు ఎదుగుదల నొప్పులే. కాస్త కాళ్లు పిసికితే సరిపోతుంది. ఎప్పుడూ ఒకే కాలు నొప్పి, కుంటడం, వాపు, జ్వరం ఉంటే మాత్రం ఆగకుండా డాక్టరుకు చూపించాలి. రెండేళ్లలోపు కాళ్లు కాస్త విల్లులా వంగి ఉండటం, మూడు నాలుగేళ్లప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తగలడం కూడా ఎక్కువమందిలో మామూలే. వంపు పెరుగుతున్నా, ఒక్క కాలికే ఉన్నా, మణికట్లు లావెక్కినా అది రికెట్స్ (ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు) అవునో కాదో పరీక్షతో తేల్చుకోవాలి.

అపోహ: విటమిన్ డి ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిది.

నాకు అన్నింటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. 60,000 ఐయూ సాచెట్‌ను (విటమిన్ డి పొడి పొట్లాన్ని) సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలకే రాస్తారు. ఇంట్లో దాన్ని రోజుకొకటి వేసేస్తారు, లేదా అన్నయ్యకు రాసింది తమ్ముడికీ కలిపేస్తారు. అందుకే చీటీలో "వారానికి" అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి ఇస్తాను. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. సాచెట్లు వాడుతున్న పిల్లలకు వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం కనిపిస్తే మందు ఆపి, ఆ ఖాళీ కవర్లన్నీ పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఎన్ని వేశారో దాచొద్దు.