తుమ్మలపల్లె నీళ్లు, యురేనియం 'తినే' బ్యాక్టీరియా: వెనుకటి కథ

కడప జిల్లా వేముల మండలంలో, తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల బోరు నీళ్ల గొడవ పేపర్లోకి వచ్చినప్పుడల్లా "యురేనియాన్ని తినేసే బ్యాక్టీరియా ఉందట కదా, అది వదిలితే పోదా?" అనే మాట కూడా వస్తుంది. బ్యాక్టీరియా ఉన్న మాట నిజం. తినడం మాత్రం నిజం కాదు. డీజిల్‌నో పురుగుమందునో కొన్ని సూక్ష్మజీవులు ముక్కలు చేసి అరిగించుకుంటాయి. యురేనియం మూలకం కాబట్టి దాన్ని ముక్కలు చేయడం వాటి వల్ల కాదు. నీళ్లలో కరిగి పారుతున్నదాన్ని కరగని రూపంలోకి మార్చి మట్టిలో దిగబెట్టడం వరకే అవి చేయగలవు. అది కూడా అన్ని నీళ్లలో ఒకేలా సాగదు.

తుమ్మలపల్లె గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో ఉత్పత్తి మొదలైంది. ఇక్కడి ఖనిజం డోలమైట్ రాయిలో ఉంటుంది. జార్ఖండ్‌లోని జాదుగూడలో లాగా సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడదామంటే కుదరదు, యాసిడ్‌నంతా ఆ రాయే లాగేసుకుంటుంది. అందుకే ఇక్కడి మిల్లులో రాయిని మెత్తగా నూరి, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో వేడి, ఒత్తిడి, ఆక్సిజన్ పెట్టి యురేనియాన్ని బయటికి తీస్తారు. మిగిలిన బురద టెయిలింగ్ పాండ్‌లోకి, అంటే వ్యర్థాల చెరువులోకి పోతుంది.

ఆ పాండ్ చుట్టుపక్కల కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె, కణంపల్లె రైతుల ఫిర్యాదులు అక్కడి నుంచే మొదలయ్యాయి. బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండుతున్నాయని, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయని వాళ్లు చెబుతూ వచ్చారు. గని నడిపే యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మాత్రం ఆ నష్టానికి తాము కారణం కాదంది. పాండ్ అడుగున నీరు ఇంకకుండా వేసే పొర (లైనింగ్) సరిగా వేశారా లేదా అన్నది పెద్ద వాదన అయింది. 2019లో కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. ఖనిజం ఉన్న నేల కాబట్టి నీళ్లలో కొంత యురేనియం సహజంగానే ఉండొచ్చు, ఆ మాట కొట్టిపారేయలేం. అయితే ఆ నీళ్లు తాగినవాళ్ల కిడ్నీకి అది గనిదా, రాతిదా అన్న తేడా తెలియదు. యురేనియం విషయంలో రేడియేషన్ కంటే ముందు భయపడాల్సింది కిడ్నీల గురించే. లీటరు తాగునీటికి 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక బ్యాక్టీరియా సంగతి. 1987లో అమెరికాలో వాషింగ్టన్ దగ్గర పొటోమాక్ నది బురదలో డెరెక్ లవ్లీ బృందానికి జియోబ్యాక్టర్ దొరికింది. మనం ఆక్సిజన్ పీల్చినట్టు అది ఇనుముతో పని గడుపుకుంటుంది. ఇనుము బదులు యురేనియం ఇచ్చినా సరిపెట్టుకుంటుందని అదే బృందం 1991లో చూపించింది. 2002లో కొలరాడోలోని రైఫిల్ అనే ఊళ్లో, పాత యురేనియం మిల్లు ఉన్న చోట, భూమిలోకి అసిటేట్ ఎక్కించి చూశారు. అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం తాలూకు ఉప్పు, బ్యాక్టీరియాకు మేత. జియోబ్యాక్టర్ విపరీతంగా పెరిగింది, యురేనియం వారాల్లోనే పడిపోయింది. అంతలో సల్ఫేట్‌తో బతికే మరో రకం బ్యాక్టీరియా పెరిగి మేతనంతా లాక్కుంది. యురేనియం మళ్లీ పైకి లేచింది. పద్ధతిని పొగిడేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు.

మనకు ఇంకో చిక్కు ఉంది. నీళ్లలో కాల్షియం, కార్బొనేట్ ఎక్కువుంటే యురేనియం వాటితో జట్టు కట్టేస్తుంది, అప్పుడు బ్యాక్టీరియా పని బాగా నెమ్మదిస్తుంది. 2000ల మొదట్లోనే ప్రయోగశాలల్లో తేలిన సంగతి ఇది. డోలమైట్‌లో కాల్షియం ఉంది, మిల్లు వాడేదే కార్బొనేట్. పైగా తోటలకు వేసే యూరియా నైట్రేట్‌గా మారి కిందికి దిగితే, కష్టపడి దిగబెట్టిన యురేనియం మళ్లీ కరగొచ్చు.

ఈ లెక్కన కడపకు దగ్గరి దారి ముంబైలో భాభా అణు పరిశోధన కేంద్రం పట్టినదే. 2006లో వాళ్లు, రేడియేషన్‌ను తట్టుకునే డైనోకాకస్ అనే బ్యాక్టీరియాలో వేరే బ్యాక్టీరియా జన్యువు పెట్టి, నీళ్లలోని యురేనియాన్ని కరగని ఫాస్ఫేట్‌గా దింపారు. 2008లో స్ఫింగోమోనాస్ అనే బ్యాక్టీరియా నుంచి క్షార నీళ్లలోనూ పనిచేసే ఎంజైమ్ జన్యువును వాడి చూపించారు. జియోబ్యాక్టర్‌కు లాగా దీనికి ఆక్సిజన్ లేని చోటు వెతకక్కర్లేదు. కాకపోతే అది ప్రయోగశాల ఫలితం. ఫాస్ఫేట్ మనమే అందించాలి, జన్యువు మార్చిన జీవిని పొలాల మధ్య వదలాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. భూమిలోకి వదలడం కంటే నీళ్లు పైకి తోడి ట్యాంకులో శుద్ధి చేయడమే నయమనిపిస్తుంది. పాండ్ నుంచి ఊట ఆగకపోతే ఆ తోడుడుకూ అంతుండదు.

అరటి తోటల సంగతి వేరు. మిల్లు వాడేది సోడియం ఉప్పులే కదా; సోడియం ఎక్కువున్న నీళ్లు పారితే నేల బిగుసుకుపోయి తడి లోపలికి ఇంకదు, చెట్టు ఎండుతుంది. అలాంటి పొలానికి జిప్సం వేసి, మంచి నీళ్లతో ఉప్పు దించాలి. పైన చెప్పిన బ్యాక్టీరియాలేవీ సోడియం జోలికి పోవు.