ఎదిగిన పిల్లలతో ముంబైలో హోటల్: "ఊరి మధ్యలో" అంటే ఎక్కడ? (అపోహలు - వాస్తవాలు)

సెలవులు దగ్గర పడితే హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి ముంబై బుకింగులు మొదలవుతాయి. అందరూ అడిగేది ఇంచుమించు ఒకటే: "ఊరి మధ్యలో, అన్నిటికీ దగ్గరగా, నలుగురికీ సరిపోయే రూమ్ ఒకటి చూడండి." వినడానికి తేలికే. కానీ ముంబైకి మ్యాప్‌లో మధ్య అనుకునే చోటుకీ, టూరిస్టుకి పనికొచ్చే చోటుకీ సంబంధం లేదు. పైగా టెన్త్, ఇంటర్ చదివే పిల్లలిద్దరున్న కుటుంబమంటే హోటల్ లెక్కలో నలుగురు పెద్దవాళ్ళు. ఈ రెండూ తెలియకే చాలా బుకింగులు బెడిసికొడతాయి.

అపోహ: ముంబై సెంట్రల్ దగ్గర హోటల్ తీసుకుంటే నడిబొడ్డున ఉన్నట్టే.

పేరు చూసి మోసపోవద్దు. ముంబై సెంట్రల్ పశ్చిమ రైల్వే స్టేషన్. అక్కడ ఆగేవి గుజరాత్, ఢిల్లీ వైపు రైళ్ళు. మన హుస్సేన్‌సాగర్, దేవగిరి, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌కి, అంటే సీఎస్‌ఎంటీకి వస్తాయి. విశాఖ నుంచి వచ్చే ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్ మాత్రం కుర్లా దగ్గర లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో ఆగిపోతుంది. అక్కణ్నుంచి దక్షిణ ముంబైలోని ఫోర్ట్ ప్రాంతానికి ఇంకో పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. విమానంలో వచ్చేవాళ్ళూ టికెట్ మీద కోడ్ చూసుకోవాలి. బీఓఎం అంటే పాత విమానాశ్రయం, ఎన్ఎంఐ అంటే కొత్త నవీ ముంబై విమానాశ్రయం. ఒకటనుకుని ఇంకొకదాని దగ్గర హోటల్ తీసుకుంటే మొదటి రోజు ప్రయాణానికే సరి.

ముంబై ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా సాగిన నేల. గేట్‌వే ఆఫ్ ఇండియా, సీఎస్‌ఎంటీ భవనం, ఛత్రపతి శివాజీ మహారాజ్ మ్యూజియం, మెరైన్ డ్రైవ్, కొలాబా కాజ్‌వే బజారు, ఫ్యాషన్ స్ట్రీట్, వాంఖడే స్టేడియం అన్నీ దక్షిణపు కొసనే గుమిగూడి ఉన్నాయి. గేట్‌వే నుంచి మ్యూజియానికి నడక పది నిమిషాలు, చర్చిగేట్ స్టేషన్ నుంచి మెరైన్ డ్రైవ్‌కి ఐదు నిమిషాలు. అందుకే టూరిస్టుకి మధ్య అంటే ఫోర్ట్, చర్చిగేట్, కొలాబా. పదిహేను, పదహారేళ్ళ పిల్లలు సాయంత్రం "మేం కాజ్‌వేకి వెళ్ళొస్తాం" అంటే ధైర్యంగా పంపగలిగేది హోటల్ నడక దూరంలో ఉన్నప్పుడే.

బుకింగ్ యాప్‌లో "సెంటర్‌కి ఇన్ని కిలోమీటర్లు" అనేదాన్ని నమ్మొద్దు. అది చాలాసార్లు గాల్లో గీసిన గీత. ముంబైలో ఆ గీత మధ్యలో సముద్రం ఉండొచ్చు. హోటల్ పేరు మ్యాప్‌లో పెట్టి, దగ్గరి లోకల్ లేదా మెట్రో స్టేషన్‌కి నడక ఎన్ని నిమిషాలో చూడండి. పది నిమిషాలు దాటితే ఇంకోటి వెతకండి.

అపోహ: విమానాశ్రయం దగ్గర అంధేరిలో బస చేస్తే చవక, రోజూ లోకల్‌లో వెళ్ళొచ్చు.

రూమ్ రేటు తగ్గే మాట నిజమే. కానీ లోకల్ రైళ్ళలో జనం ఏ వేళ ఎటు పోతారో తెలియనివాళ్ళే ఈ లెక్క వేస్తారు. పొద్దున 8 నుంచి 11 దాకా జనమంతా ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తారు. సాయంత్రం 5 నుంచి 9 దాకా దక్షిణం నుంచి ఉత్తరానికి తిరిగిపోతారు. అంధేరిలో దిగిన కుటుంబం పొద్దున గేట్‌వే చూడ్డానికి ఆ జనంతోనే ఎక్కాలి, సాయంత్రం ఆ జనంతోనే తిరిగి రావాలి. ఫోర్ట్‌లోనో చర్చిగేట్‌లోనో బస చేస్తే ఇది తిరగబడుతుంది. బోరివలి నేషనల్ పార్క్‌కో బాంద్రాకో వెళ్ళే రోజు మీది జనానికి ఎదురు దిశ. అంధేరి ఆఫీసుల వల్ల ఆ వైపూ రద్దీ ఉంటుంది, కానీ నిలబడి ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది. పైగా చర్చిగేట్, సీఎస్‌ఎంటీ రెండూ రైలు బయల్దేరే స్టేషన్లు. ఖాళీ పెట్టె ఎక్కి కూర్చోవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. లేడీస్ పెట్టెలో 12 ఏళ్ళలోపు మగపిల్లలనే ఎక్కనిస్తారు. మీ అబ్బాయికి పద్నాలుగేళ్ళంటే అమ్మా అమ్మాయీ ఒక పెట్టె, నాన్నా అబ్బాయీ ఇంకో పెట్టె. ఎక్కేముందే దిగాల్సిన స్టేషన్ పేరు నలుగురికీ కంఠతా వచ్చుండాలి. కలిసే వెళ్ళాలంటే ఏసీ లోకల్ మంచిది.

ఆటో సంగతి కూడా చూడండి. అంధేరిలో ఆటోలు దొరుకుతాయి, కానీ రూల్ ప్రకారం ముగ్గురే. నలుగురికి రెండు ఆటోలు. బాంద్రా, సయన్ దాటి దక్షిణానికి ఆటోలు రానే రావు, అక్కడంతా కాలీపీలీ (నలుపు-పసుపు) ట్యాక్సీలే. ట్యాక్సీలో నలుగురు పడతారు. 2025 ఫిబ్రవరి నుంచి మొదటి కిలోమీటరున్నరకి మీటరు రూ. 31. దగ్గరి దూరాలకి నలుగురు కలిసి ట్యాక్సీ ఎక్కితే నిజంగా చవక. సామానుతో ఉన్న రోజు మాత్రం జాగ్రత్త. ఆ బళ్ళ డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది, పెద్ద సూట్‌కేసు ఒకటి పట్టడమే కష్టం. పైన క్యారియర్ ఉన్న బండి చూసుకోండి, లేకపోతే యాప్‌లో పెద్ద బండి బుక్ చేయండి.

విమానాశ్రయం దూరమవుతుందన్న బెంగ 2025 అక్టోబర్‌తో చాలావరకు తీరింది. ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా 33.5 కిలోమీటర్ల మెట్రో 3 పూర్తిగా తెరిచారు. టెర్మినల్ 2 దగ్గర స్టేషన్ ఉంది. సీఎస్‌ఎంటీ, హుతాత్మా చౌక్, చర్చిగేట్, విధాన్ భవన్ అన్నీ ఆ లైన్ మీదే. రాత్రి ఆలస్యంగా దిగే విమానాలకి మాత్రం ఇది పనికిరాదు, చివరి రైలు వేళ ముందే చూసుకోండి.

అపోహ: మధ్యలోనే కావాలంటే దాదర్ ఇంకా మేలు, పశ్చిమ, మధ్య రైల్వే లోకల్ లైన్లు రెండూ అక్కడే కలుస్తాయి.

కలుస్తాయి. అందుకే ముంబైలో ఎక్కడానికి, దిగడానికి అత్యంత కష్టమైన స్టేషన్లలో అదొకటి. తోపులాట అలవాటు లేనివాళ్ళకి, అందులోనూ ఫోన్ చేతిలో పట్టుకుని నడిచే వయసు పిల్లలకి వద్దు. మాటుంగాలో ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ కోసం దాదర్ వైపు ఒక పూట వెళ్ళొస్తే చాలు.

అపోహ: పిల్లలే కదా, ఒక రూమ్‌లో ఎక్స్‌ట్రా బెడ్ వేయిస్తే సరిపోతుంది.

ఎక్కువ హోటళ్ళలో ఐదారేళ్ళ లోపు ఉచితం, 12 దాకా చైల్డ్ రేటు, ఆ పైన పెద్దవాళ్ళ లెక్క. మామూలు డబుల్ రూమ్‌కి గరిష్ఠం ముగ్గురు. యాప్‌లో "2 పెద్దలు, 2 పిల్లలు" అని కొట్టి వయసులు తక్కువ వేస్తే రూమ్ దొరికినట్టే కనిపిస్తుంది. కౌంటర్ దగ్గర ఆధార్ తీశాక అసలు బేరం మొదలవుతుంది. మీసాలొచ్చిన అబ్బాయిని చూపించి పదకొండేళ్ళంటే రిసెప్షన్‌లో ఎవరూ వాదించరు, నవ్వి రెండో రూమ్ రేటు చెబుతారు.

కొలతల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఫోర్ట్, కొలాబా పాత భవనాల్లో మామూలు రూమ్ 150 చదరపు అడుగులుంటే గొప్ప. పది అడుగులు, పదిహేను అడుగులు అనుకోండి. అందులో బాత్రూమ్‌కి 35 పోతాయి. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు డబుల్ కాట్‌కి 39. బీరువా, టేబుల్ కలిపి 15. మిగిలింది 61. అందులో రెండున్నర అడుగుల ఎక్స్‌ట్రా బెడ్ వేస్తే 15 పోతాయి. ఇంకా నాలుగు సూట్‌కేసులు, తలుపు తెరుచుకునే జాగా. రాత్రి బాత్రూమ్‌కి లేచినవాళ్ళు పిల్లవాడి కాళ్ళు తొక్కకుండా వెళ్ళలేరు. ఎక్స్‌ట్రా బెడ్ అంటే చాలాచోట్ల కింద పరిచే పరుపు, లేదా మడత మంచం. పొడుగు పిల్లల పాదాలు బయటే ఉంటాయి. ఒక బాత్రూమ్, నలుగురు, పొద్దున తొమ్మిదికి ఎలిఫెంటా పడవ... వేరే చెప్పక్కర్లేదు. అన్నట్టు ఎలిఫెంటా గుహలకి సోమవారం సెలవు.

అపోహ: రెండు రూములంటే ఖర్చు రెట్టింపు.

ఇక్కడ జీఎస్టీ మీ వైపే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ. 7,500 లోపు రూమ్‌కి 5 శాతం, అది దాటితే 18 శాతం. లెక్క కోసం కొన్ని అంకెలు వేద్దాం. ఫ్యామిలీ సూట్ ఒకటి రూ. 9,000 అయితే పన్ను 1,620, మొత్తం 10,620. అదే హోటల్లో రూ. 5,000 రూములు రెండు తీసుకుంటే పన్ను 500, మొత్తం 10,500. సూట్ కంటే తక్కువకే రెండు బాత్రూములు, రెండు తలుపులు వస్తున్నాయి. గీత దగ్గర తేడా ఇంకా ఘోరం. రూ. 7,400 రూమ్ పన్నుతో 7,770 అవుతుంది, రూ. 7,600 రూమ్ 8,968 అవుతుంది. రేటు 7,500 చుట్టుపక్కల ఉంటే అడిగి కిందికి దింపించుకోండి. రిసెప్షన్ వాళ్ళకీ ఈ లెక్క తెలుసు, ఫోన్‌లో అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

రెండు రూములు తీసుకున్నప్పుడు ఒక్కో రూమ్ ఒక్కో పెద్దవాళ్ళ పేరు మీద రాయించండి. 18 నిండని పిల్లల పేరు మీద రూమ్ ఇవ్వరు. ఆ తర్వాత అమ్మా అమ్మాయీ ఒకదాంట్లో, నాన్నా అబ్బాయీ ఒకదాంట్లో సర్దుకోవచ్చు.

అపోహ: "కనెక్టింగ్ రూమ్స్" అని రాసి పెట్టాం, ఇస్తారు.

బుకింగ్‌లో స్పెషల్ రిక్వెస్ట్ గడిలో రాసింది విన్నపం మాత్రమే, హామీ కాదు. పైగా మూడు మాటలు కలిసిపోతాయి. కనెక్టింగ్ అంటే రెండు రూముల మధ్య లోపలే తలుపు. అడ్జాయినింగ్ అంటే గోడ ఒకటే, తలుపు ఉండదు. "పక్కపక్కనే ఇస్తాం సార్" అంటే అదే అంతస్తులో ఎక్కడైనా. దక్షిణ ముంబై పాత హోటళ్ళలో లోపలి తలుపున్న రూములు అరుదు. ఎదురెదురు రూములు కూడా బాగానే పనికొస్తాయి. అడిగేటప్పుడు రూమ్ నంబర్లు అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి.

అపోహ: రేటింగ్ 4 పైన ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు.

రేటింగ్ ఇచ్చినవాళ్ళలో ఒంటరిగా ఆఫీసు పని మీద వచ్చినవాళ్ళు ఎక్కువ. రివ్యూల్లో అంకె వదిలేసి కొన్ని మాటలు వెతకండి: కిటికీ, డక్ట్, లిఫ్ట్, వాసన, శబ్దం. ఫోర్ట్‌లో కొన్ని రూములకి కిటికీ ఉండదు, ఉన్నా గాలి గొట్టం లాంటి డక్ట్‌లోకి తెరుచుకుంటుంది. వానాకాలంలో అలాంటి రూమ్‌లో తడి బట్టలు ఆరవు, గోడకి చెమ్మ వాసన. కొన్ని హోటళ్ళు ఆఫీసు భవనంలో మూడో, నాలుగో అంతస్తులో మాత్రమే ఉంటాయి. లిఫ్ట్ ఆ భవనానిది, రాత్రి ఆపేస్తారేమో అడగాలి. కొలాబాలో బార్లున్న సందు వైపు రూమ్ అయితే రాత్రి ఒంటి గంట దాకా గోల. వెనక వైపు, పై అంతస్తు అడగండి.

బ్రేక్‌ఫాస్ట్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. పదింటికో పదిన్నరకో కట్టేస్తారు, సెలవుల్లో మీ పిల్లలు ఆ వేళకి లేస్తారా? రూమ్ మాత్రమే తీసుకుని, బయట ఇరానీ కేఫ్‌లో బన్ మస్కా, చాయ్‌తో కానివ్వండి. వైఫై మాత్రం అడగండి. రూమ్‌కి రెండు ఫోన్లే అని పరిమితి పెట్టే చోట్లున్నాయి.

అపోహ: ఫోన్ చేయడం పాత పద్ధతి, యాప్‌లోనే అన్నీ ఉంటాయి.

యాప్‌లో ఉండనివి అడగడానికే ఫోన్. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య చేయండి, చెక్‌ఔట్ హడావుడి తీరి ఉంటుంది. అడగాల్సినవి ఇవి: పిల్లల వయసులు ఇవీ, మనిషికి ఎంత? కిటికీ వీధిలోకా, డక్ట్‌లోకా? చెక్‌ఇన్ ఎన్నింటికి? హుస్సేన్‌సాగర్ మిమ్మల్ని తెల్లవారుజామునే దించేస్తుంది, రూమ్ మధ్యాహ్నం ఇస్తారు. ముందుగా ఇవ్వడానికి సగం రోజు అద్దె తీసుకుంటారా? లేకపోతే సామాను పెట్టుకుని ముఖం కడుక్కోనిస్తారా? కొన్ని చోట్ల మీరు చేరిన వేళ నుంచి 24 గంటల లెక్క ఉంటుంది, అక్కడ ఈ గొడవే లేదు.

ఆధార్ నలుగురిదీ ఒరిజినల్ తీసుకెళ్ళండి. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన పిల్లలు కూడా ఉంటే ముందే చెప్పండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ వివరాలు హోటల్ వాళ్ళు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జీలు రాత్రి పదకొండింటికి కౌంటర్ దగ్గరే "కుదరదు" అనేస్తాయి.

అపోహ: క్యాన్సిలేషన్ లేని రేటు తీసుకుంటే లాభం.

వానాకాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, అస్సలు వద్దు. అంధేరి సబ్‌వే, దాదర్ దగ్గరి హింద్‌మాతా కూడలి నీట మునిగిన రోజు ప్లాన్ మొత్తం జరపాల్సి వస్తుంది. ఆదివారాలు లోకల్ లైన్ల మీద మెగాబ్లాక్ (మరమ్మతుల కోసం కొన్ని గంటలు రైళ్ళు ఆపడం) ఉంటుంది, దూరం వెళ్ళే పని ఆ రోజు పెట్టుకోకండి. ఇక మే నెల. ఇంటర్ సప్లిమెంటరీలు, ఈఏపీసెట్ అన్నీ అప్పుడే, తేదీలు జరగడం మామూలే. పిల్లలు ఇంటర్‌లో ఉంటే కనీసం 48 గంటల ముందు దాకా డబ్బు తిరిగిచ్చే రేటే తీసుకోండి, రాత్రికి మూడు, నాలుగు వందలు ఎక్కువైనా సరే.