సీపాప్ పనిచేస్తోందా? ఒంటిని అడగాలా, మెషిన్‌ని అడగాలా

"నాకు బానే ఉందండీ" అనే మాటని స్లీప్ ఆప్నియా (నిద్రలో మాటిమాటికీ శ్వాస ఆగిపోయే జబ్బు) ఉండి సీపాప్ (మాస్క్‌లోంచి ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మెషిన్) వాడుతున్న మనిషి నోటి నుంచి వింటే నేను అంత తేలిగ్గా నమ్మను. ఆయన అబద్ధం చెప్తున్నాడని కాదు, ఏళ్ళ తరబడి నిద్ర చెడిపోయిన మనిషికి బాగుండటం అంటే ఎలా ఉంటుందో గుర్తే ఉండదు, బస్సెక్కగానే తల వాలిపోవడం, అన్నం తిన్నాక కుర్చీలోనే కునుకు, ఇవన్నీ మామూలే అనుకుంటాడు, ఇంట్లో వాళ్ళు కూడా అలాగే అనుకుంటారు.

2003లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళ స్టడీ ఒకటి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న వాళ్ళనే తీసుకుని కొందరిని రాత్రికి 4 గంటలు, కొందరిని 6, కొందరిని 8 గంటలు, అలా 14 రోజులు పడుకోబెట్టారు. తక్కువ పడుకున్న వాళ్ళకి లైట్ వెలగ్గానే బటన్ నొక్కే టెస్టులో పెర్ఫార్మెన్స్ రోజురోజుకీ దిగజారుతూనే పోయింది, కానీ "ఎంత మత్తుగా ఉంది" అని అడిగితే మొదటి కొన్ని రోజులు పెరిగిందన్నారు, ఆ తర్వాత పెద్ద తేడా లేదన్నారు. అంటే మెదడు ఇంకా కిందకి జారుతూనే ఉంది, మనిషికి మాత్రం అలవాటైపోయింది. వీళ్ళు ఆప్నియా పేషెంట్లు కాదు నిజమే, కానీ మన ఫీలింగ్‌ని మనం ఎంతవరకు నమ్మొచ్చో అక్కడ తెలిసిపోతోంది కదా.

పైగా ప్లాసిబో ఒకటి, అంటే ఉత్తుత్తి వైద్యం చేసినా తగ్గినట్టు అనిపించడం. 1999లో ఆక్స్‌ఫర్డ్‌లో కొంతమందికి ప్రెషర్ సరిపోని ఉత్తుత్తి సీపాప్ ఇచ్చి చూశారు, పగటి మత్తుని 24కి లెక్కేసే ఎప్‌వర్త్ స్కోరు వాళ్ళకి కూడా 15 నుంచి 13కి తగ్గింది. అసలు మెషిన్ పెట్టుకున్న వాళ్ళకి 15.5 నుంచి 7కి పడిపోయింది, కాబట్టి ఫీలింగ్ పూర్తిగా పనికిరానిదీ కాదు.

సరే మరి మెషిన్ యాప్‌లో ఏహెచ్ఐ అనే నంబర్ చూసుకుంటే సరిపోతుందా అంటే అక్కడే అసలు తిరకాసు. ఏహెచ్ఐ అంటే గంటకి ఎన్నిసార్లు శ్వాస కనీసం 10 సెకన్లు ఆగింది లేదా బాగా తగ్గింది అని, 5 లోపుంటే నార్మల్, 30 దాటితే తీవ్రం. కానీ మెషిన్ లెక్కేసేది మాస్క్ మొహం మీద ఉన్న గంటలకే. ఒకాయన ఏడు గంటలు పడుకున్నాడు, నాలుగు గంటలు గడిచాక మాస్క్ పీకి పక్కన పడేశాడు అనుకోండి. ఆ నాలుగు గంటల్లో 8 సార్లు ఆగితే యాప్ 2 అని చూపించి శెభాష్ అంటుంది. మిగతా మూడు గంటలు గంటకి 30 చొప్పున 90 సార్లు ఆగింది, అది ఎవరి లెక్కలోకీ రాలేదు, మొత్తం కలిపి ఏడుతో భాగిస్తే 14. తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ, చాలామందికి ఆప్నియా ముదిరేది కూడా అప్పుడే, సరిగ్గా ఆ టైంలోనే మాస్క్ ఉండదు!

ఇంకోటి, మెషిన్‌కి తెలిసింది గాలి ప్రవాహమే. మీరు నిద్రపోతున్నారా, మెలకువగా పడుకుని ఈఎంఐల గురించి ఆలోచిస్తున్నారా దానికి తెలీదు, మెలకువలో కాసేపు ఊపిరి బిగబట్టినా ఆప్నియా కింద రాసేస్తుంది. మాస్క్ పక్కల నుంచి గాలి లీక్ ఎక్కువగా ఉంటే ఆ లెక్క కూడా అంత నమ్మలేం. అందుకే నేనైతే ఏహెచ్ఐ కంటే ముందు మాస్క్ పెట్టుకున్న గంటలు, లీక్ చూడమంటాను.

2016లో వచ్చిన సేవ్ అనే పెద్ద ట్రయల్ సంగతి వింటే బుర్ర తిరుగుతుంది, గుండెజబ్బో స్ట్రోకో ఉన్న 2,717 మందిలో సీపాప్ వల్ల మళ్ళీ గుండెపోట్లు, స్ట్రోకులు తగ్గలేదు, పగటి మత్తు, మూడ్ మాత్రం మెరుగయ్యాయి. అయితే వాళ్ళు సగటున వాడింది రాత్రికి 3.3 గంటలే, అందుకని దీన్ని పట్టుకుని మెషిన్ దండగ అనేయడం తొందరపాటే.

నంబర్లన్నీ శుభ్రంగా ఉండి మత్తు వదలకపోతే మెషిన్‌ని తిట్టుకోవద్దు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా టైమింగ్స్‌లో పనిచేస్తూ ఐదు గంటలే పడుకునే వాళ్ళకి ఏహెచ్ఐ 1 వచ్చినా మత్తెక్కడికి పోతుంది? థైరాయిడ్, రక్తహీనత, డిప్రెషన్, వాడే టాబ్లెట్లు, ఇవి కూడా చూపించుకోవాలి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు యాప్ రిపోర్టుతో పాటు పక్కన పడుకునే మనిషిని కూడా తీసుకెళ్ళండి, మాస్క్ ఎన్నింటికి ఊడిందో వాళ్ళకే తెలుసు. ఈలోపు స్టీరింగ్ ముందు రెప్పలు వాలుతుంటే మాత్రం యాప్ ఏం చూపించినా బండి పక్కన ఆపేయండి.