పత్తి లెక్కల పుస్తకం

చిరంజీవులైన పిల్లలకు,

"అమెరికాలో చదువుకోనివ్వని బానిసల సంగతులు మనకెలా తెలిశాయి తాతయ్యా?" అని అడిగారు. విడుదలయ్యాక వాళ్లు చెప్పినవీ రాసినవీ ఉన్నాయి. వాటితోపాటు యజమానుల లెక్కల పుస్తకాలూ ఉన్నాయి. ఇవాళ వాటి సంగతి చెబుతాను.

అమెరికాలోని మిసిసిపిలో థామస్ ఆఫ్లెక్ అనే ఆయన 1840ల చివర్లో పత్తి తోటల కోసం గళ్లు గీసి అచ్చేసిన పుస్తకం అమ్మేవాడు. 40, 80, 120 మంది పనివాళ్లుండే తోటలకు వేర్వేరు సైజులు. దాన్ని రోజూ నింపాల్సింది ఓవర్‌సీర్, అంటే యజమాని తరఫున బానిసల చేత పని చేయించేవాడు. సగంలో వదిలేసినవీ ఉన్నాయి.

మన పత్తి చేలో సాయంత్రం కాటా వేసి, మేస్త్రీ నోటుబుక్కులో పేరూ కిలోలూ రాసుకుంటాడు కదా, అక్కడా అంతే. ఎడమవైపు పేరు, సోమవారం నుంచి శనివారం దాకా ఆరు గళ్లు, చివర మొత్తం. తూకం పౌండ్లలో ఉంటుంది. పౌండంటే అరకిలోకి కాస్త తక్కువ. పొద్దున్నే మంచుతో తడిసిన పత్తి బరువు తూగుతుంది, ఆకుముక్కలు కలిసినా తూగుతుంది. గింజ తీస్తే దూది మూడోవంతే మిగులుతుంది కాబట్టి 400 పౌండ్ల బేలుకు (నొక్కి కట్టిన దూది మూటకు) 1,200 పౌండ్లకు పైగా ఏరాలి. వారాల మొత్తాలు కూడి బేళ్ల పేజీతో సరిచూస్తే తప్పు రాతలు బయటపడతాయి. ఇక మన నోటుబుక్కులో కిలోల పక్కనే కూలి డబ్బులుంటాయి. అక్కడ ఆ గడే లేదు. తూకం తగ్గితే కొరడా దెబ్బలు పడేవి. ఆ పేజీలో వాటికీ గడి లేదు.

ఇంకొన్ని పేజీలు తిప్పితే మన పోలిక చెల్లదు. ఆ మనుషులే ఆస్తుల జాబితాలో కనిపిస్తారు: పేరు, వయసు, ఏడాది మొదట్లో ధర, ఏడాది చివర ధర. కంచర గాడిదలకూ అలాంటి జాబితానే. పిల్ల ఎదిగితే ధర పెరుగుతుంది, వయసు మళ్లితే తగ్గుతుంది. పొత్తిళ్లలోని బిడ్డకూ ధర కట్టేవారు. పని చేయలేని ముసలమ్మ ఎదురుగా సున్నా వేసిన జాబితాలున్నాయి. బతుకంతా చాకిరీ చేయించుకుని చివరికి సున్నా! ఇంత దుర్మార్గపు లెక్క ఇంకోటి నాకు తెలియదు. 1865లో అక్కడ బానిసత్వం రద్దయ్యాకే ఈ ధరల గడికి పనిలేకుండా పోయింది.

ఇలాంటి పేజీల ఫొటోలు అమెరికా గ్రంథాలయాల సైట్లలో దొరుకుతాయి. ఒక్క పేరు పట్టుకుని వారం వారం చదవండి. ఇంటిపేర్లు సాధారణంగా ఉండవు. ఒకే పేరు ఇద్దరికుంటే ఆస్తుల జాబితాలో వయసు చూసి పోల్చుకోండి. ఒకామె ఎదురుగా వరసగా గళ్లు ఖాళీగా ఉంటే జననాల పేజీ తీయండి, తల్లి పేరు దగ్గర ఆమె ఉండొచ్చు. పేరే ఆగిపోతే మరణాల పేజీ చూడండి. అక్కడా లేకపోతే అమ్మేశారేమో, పారిపోయిందేమో. మరుసటి ఏడాది పుస్తకం దొరికితే అందులోనూ వెతకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య